నలుగురి పేర్లు, అయిదుగురు మనుషులు

ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చారంటే వర్జీనియాలో ఉండే తెలుగువాళ్ళం అందరం ఒకే టూరు తిప్పుతాం. వైట్‌హౌస్ కంచె ముందు ఒక ఫోటో, లింకన్ మెట్ల మీద ఒకటి, విమానాల మ్యూజియం, ఆర్లింగ్టన్ సమాధులు. అప్పటికి ఎండ నడినెత్తికొస్తుంది, పెద్దవాళ్ళకి కాళ్ళు పట్టేస్తాయి. నేషనల్ గ్యాలరీకి టికెట్ లేదు, లోపల చల్లగా ఉంటుంది, కూర్చోడానికి మెత్తటి బల్లలుంటాయి. అందుకని అందులోకి దూరతాం. బొమ్మల మీద ప్రేమతో వెళ్ళామని చెప్తే అబద్ధమే.

పోయినేడు మా అమ్మని కూడా అలాగే తీసుకెళ్ళాను. ఒక గదిలో బల్ల కనపడగానే ఆవిడ కూర్చుంది. ఎదురుగా గోడంతా ఆక్రమించి జార్జి వాషింగ్టన్ కుటుంబచిత్రం. ఎడ్వర్డ్ సావెజ్ అనే చిత్రకారుడు వేసింది. అడ్డంగా రెండున్నర మీటర్లు దాటి ఉంటుంది, నిలువు రెండు మీటర్ల పైన. అమ్మ చెప్పుల్లోంచి పాదాలు తీసి, నేల చల్లదనానికి ఆనించి, ఆ బొమ్మ వైపు ఐదు నిమిషాలు చూసింది.

"ఇది మన తెనాలి స్టూడియోలో పరదాలా ఉందేరా" అంది మొదట.

నిజమే. వెనకాల రెండు లావుపాటి రాతిస్తంభాలు, పైనుంచి జారే బరువైన తెర, మధ్యలోంచి కనపడే నది. మా చిన్నప్పుడు స్టూడియోల్లో వెనక కట్టే పరదాల మీద కూడా సరిగ్గా ఇవే ఉండేవి. ఆ స్తంభాలు గుంటూరు జిల్లాలో ఎక్కడున్నాయని ఎవరూ అడిగేవాళ్ళు కాదు. వాషింగ్టన్ సొంత ఇల్లు మౌంట్ వెర్నన్‌లోనూ అలాంటివి లేవు. అక్కడి వసారావి నలుచదరపు కొయ్య స్తంభాలు.

రెండో మాట: "ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోవట్లేదు. ఏమన్నా గొడవలున్నాయా వీళ్ళకి?"

మూడోది: "ఆ మూలన నిలబడ్డాయన ఎవరు?"

మా అబ్బాయి అప్పటికే ఫోన్ తీశాడు. "విలియం లీ, నానమ్మా. వాళ్ళ స్లేవ్" అన్నాడు. అమ్మ "పోనీలే, పేరన్నా మిగిలింది పాపం" అని చెప్పులేసుకుని లేచింది. వాళ్ళిద్దరూ కాఫీ వెతుక్కుంటూ వెళ్ళిపోయారు. నేను మాత్రం అక్కడే ఉండిపోయాను. ఆ "పోనీలే" నాకు నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో తేల్చుకోవడానికి చాలా నెలలు పట్టింది. ఈ వ్యాసం దాని గురించే. ఆ పేరు ఆ బొమ్మకి అతికించకూడదని నేనంటాను.

ముందు బొమ్మ ఎలా తయారైందో చెప్పాలి, ఎందుకంటే అమ్మ అన్న మూడు మాటలకీ జవాబు అందులోనే ఉంది.

1789 డిసెంబరు. అమెరికా రాజధాని ఇంకా న్యూయార్క్‌లోనే ఉంది. వాషింగ్టన్ అధ్యక్షుడై ఎనిమిది నెలలు కావస్తోంది. మసాచుసెట్స్ నుంచి వచ్చిన సావెజ్‌కి అప్పుడు ఇరవై ఎనిమిదేళ్ళు. హార్వర్డ్ విశ్వవిద్యాలయం కోసం అధ్యక్షుడి బొమ్మ వేస్తానని వచ్చాడు. వాషింగ్టన్ డిసెంబరు 21న ఉదయం పది నుంచి ఒంటిగంట దాకా అతని ముందు కూర్చున్నాడు. ఆ విషయం తన డైరీలో రాసుకున్నాడు కూడా. మళ్ళీ 28న, ఆ తర్వాత జనవరి 6న. మార్తా, ఆవిడ మనవరాలు, మనవడు కూడా ఆ రోజుల్లోనే వేరువేరుగా కూర్చున్నారు. అందరూ కలిసి ఒక్కపూటా కూర్చోలేదు. సావెజ్ తర్వాత లండన్ వెళ్ళాడు, రాగిరేకు మీద చుక్కలు చుక్కలుగా చెక్కి అచ్చుబొమ్మలు తీసే పని నేర్చాడు, తిరిగొచ్చి ఫిలడెల్ఫియాలో దుకాణం పెట్టాడు. న్యూయార్క్‌లో తీసుకున్న ఆ మొహాల్నే ఏళ్ళ తర్వాత ఒక పెద్ద గుడ్డ మీద పక్కపక్కన సర్దాడు. చూపులు కలవకపోవడంలో ఆశ్చర్యం లేదు, కలిసి ఉన్నది ఎప్పుడు కనక?

అసలు వాళ్ళది అతికిన కుటుంబమే. వాషింగ్టన్‌కి పిల్లల్లేరు. మార్తా మొదటి పెళ్ళి డేనియల్ పార్క్ కస్టిస్‌తో. ఆ సంబంధంలో పుట్టిన కొడుకు జాన్ 1781లో యార్క్‌టౌన్ యుద్ధం దగ్గర జ్వరమొచ్చి చచ్చిపోయాడు. అతని నలుగురు పిల్లల్లో చిన్నవాళ్ళిద్దరినీ మార్తా, వాషింగ్టన్ పెంచుకున్నారు. బొమ్మలో ఉన్న నెల్లీ, చిన్న జార్జి వాళ్ళే. సావెజ్ కుర్రాణ్ణి గ్లోబు పక్కన నిలబెట్టాడు, వాషింగ్టన్ చెయ్యి వాడి భుజం మీద వేశాడు. బల్ల మీద పరిచిన కాయితం రాబోయే రాజధాని పటం. మార్తా తన విసనకర్రతో అందులో ఒక పెద్ద వీధిని చూపిస్తోంది. యుద్ధం గెలిచాను, రాజ్యం కట్టాను, ఇదుగో ఊరు, ఇదుగో వారసుడు అని చెప్పే బొమ్మ. వంశం లేని రాజ్యానికి వంశవృక్షం గీసిపెట్టాడన్నమాట. ఆ సంగతిలో సావెజ్ మహా గడుసువాడు, చెయ్యి మాత్రం అంత తిరిగింది కాదు. మార్తా నడుము నుంచి మోకాళ్ళ దాకా చూడండి, లోపల మనిషి ఉన్నట్టుండదు, కుర్చీ మీద పట్టుబట్ట ఆరేసినట్టుంటుంది.

1796 ఫిబ్రవరి 22, వాషింగ్టన్ అరవై నాలుగో పుట్టినరోజున, ఫిలడెల్ఫియాలో సావెజ్ తన గ్యాలరీ తెరిచి ఈ బొమ్మ ప్రదర్శనకి పెట్టాడు. రెండేళ్ళ తర్వాత, 1798 మార్చిలో, దీని అచ్చుబొమ్మ విడుదల చేశాడు. అచ్చు తెగ అమ్ముడుపోయింది. ఏడాదిలో పదివేల డాలర్ల దాకా రాబట్టుకోవచ్చని సావెజ్ లెక్క. తర్వాతి వందేళ్ళలో దాన్ని చూసి కాపీ కొట్టినవాళ్ళు ఎందరో. పటం కట్టించి ముందుగదిలో తగిలించుకోని ఇల్లు తక్కువ అన్నంతగా పాకింది.

ఆ అచ్చుబొమ్మ అడుగున పెద్దక్షరాలతో ఇంగ్లీషులోనూ ఫ్రెంచిలోనూ పేరు రాసుంటుంది: వాషింగ్టన్ కుటుంబం. దాని కింద వివరం. జార్జి వాషింగ్టన్, ఆయన భార్య, కస్టిస్ ఇంటిపేరు గల ఆవిడ ఇద్దరు మనవలు. అంతే. నలుగురు. పైన బొమ్మలో లెక్కపెట్టుకుంటే అయిదుగురు.

అయిదోవాడు మార్తా వెనక, కుడివైపు అంచున. నౌకర్లకిచ్చే దుస్తులు, ఒక చెయ్యి కోటు బొత్తాల మధ్య దోపుకుని. ఆ భంగిమ ఆ కాలంలో దొరలు తమ బొమ్మలకి ఇష్టపడి నిలబడే భంగిమ. ఆ చెయ్యి చూస్తే ఎవరో పెద్దమనిషి అనుకోవాలి. మొహం చూద్దామంటే నీడ. గ్యాలరీ దీపాల కింద మూడడుగుల దగ్గరికెళ్ళి చూశాను. నెల్లీ జుట్టులో ఒక్కొక్క పాయనీ ఓపిగ్గా దిద్దిన కుంచె ఇక్కడికొచ్చేసరికి ముదురుగోధుమ రంగు పులిమి, కన్ను ఉండాల్సిన చోట ఇంకాస్త ముదురు పెట్టి, పక్కకి జరిగిపోయింది. ముక్కు ఎక్కడ ఆగి బుగ్గ ఎక్కడ మొదలైందో తెలీదు. వెనక తెర మడతలకి ఇంతకన్నా ఎక్కువ శ్రద్ధ దక్కింది.

ఇప్పుడు విలియం లీ సంగతి.

అతని జీవితం ఏ నవల్లో పెట్టినా ఎక్కువనిపిస్తుంది. 1768లో వాషింగ్టన్ అతన్ని 61 పౌన్ల 15 షిల్లింగులకి కొన్నాడు. అతనితోపాటే అతని తోడబుట్టిన ఫ్రాంక్‌ని కూడా. గుర్రపుస్వారీలో దొరకి సరిజోడు. ఎనిమిదేళ్ళ స్వాతంత్ర్య యుద్ధం పొడుగునా వాషింగ్టన్ వెన్నంటి ఉన్నాడు. 1785లో భూమి కొలతలకి దొరతో వెళ్ళినప్పుడు ఒక మోకాలిచిప్ప విరిగింది. 1788లో రెండోది. 1789లో అధ్యక్ష పదవికి న్యూయార్క్ వెళ్తూంటే, నేనూ వస్తానని పట్టుబట్టాడు. దారిలో కాళ్ళు మొరాయించి ఫిలడెల్ఫియాలో వైద్యానికి ఆగిపోయాడు. కాలికి ఊతం కట్టించుకుని జూన్‌లో మొత్తానికి న్యూయార్క్ చేరాడు. కాని ఆ కాళ్ళతో పని సాగలేదు, మౌంట్ వెర్నన్‌కి తిరిగొచ్చి చెప్పులు కుట్టే పనిలో మిగతా జీవితం గడిపాడు. 1799లో రాసిన వీలునామాలో వాషింగ్టన్ వెంటనే విడుదల చేసింది ఇతనొక్కణ్ణే. యుద్ధంలో చేసిన సేవకి గుర్తింపుగా బతికినంతకాలం ఏడాదికి ముప్ఫై డాలర్లు. తన పేరు విలియం లీ అని అతనే చెప్పుకుంటాడని కూడా ఆ వీలునామాలో రాసుంది. చూడండి, ఆ ఇంటిపేరు దొర ఇచ్చింది కాదు, తను నిలబెట్టుకున్నది.

ఇంత కథ ఉన్న మనిషి గనక ఎక్కడ వాషింగ్టన్ వెనక నల్లటి మొహం కనపడినా లీ అనేస్తారు. జాన్ ట్రంబుల్ 1780లో లండన్‌లో కూర్చుని, జ్ఞాపకం మీద వేసిన బొమ్మ ఒకటి న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. అందులో గుర్రంతో, తలపాగాతో ఉన్నవాణ్ణీ లీ అనే అంటారు. ట్రంబుల్ కనీసం వాషింగ్టన్ దగ్గర కొన్నాళ్ళు పనిచేశాడు, లీని కళ్ళారా చూసే ఉంటాడు.

సావెజ్ బొమ్మ సంగతి వేరు. న్యూయార్క్ ఇంట్లో లీ కాళ్ళు పనికిరాక పక్కకి తప్పుకుంటుంటే ఆ పనిలోకి ఎక్కుతున్నది క్రిస్టఫర్ షీల్స్. అప్పటికి పదిహేనేళ్ళ కుర్రాడు. అయిదోవాడు ఇతనేనని కొందరు చరిత్రకారులంటారు. ఇంట్లో వాళ్ళెవరూ కారు, లండన్‌లో అమెరికా రాయబారి దగ్గర పనిచేసిన ఒక నల్లజాతి సేవకుణ్ణి ఎదురుగా నిలబెట్టుకుని వేశాడనే వాదన కూడా ఉంది. నాకు ఈ మూడో మాట మీదే గురి. సావెజ్ 1798 జూన్‌లో అచ్చుబొమ్మలు పంపిస్తూ వాషింగ్టన్‌కి ఉత్తరం రాశాడు. మీవీ శ్రీమతిగారివీ పోలికలు బాగానే కుదిరాయని చూసినవాళ్ళంటున్నారు, పిల్లలవి మాత్రం ఇప్పటి రూపాలకి తగినట్టు లేవు, రాగిరేకు ముందే సగం చెక్కేశాను గనక మార్చడం కుదరలేదు, ఇదీ సారాంశం. అంటే పిల్లల పోలిక పోయినందుకు సంజాయిషీ చెప్పుకున్నాడు. అయిదో మొహం గురించి ఒక్క అక్షరం లేదు. అక్కడ పోలిక అన్న మాటే పుట్టదు గనక.

నా గొడవంతా ఇక్కడే. ఆ మొహం ఎవరిదో తెలియకపోవడం చరిత్రలో మనం పోగొట్టుకున్న కాయితం వల్ల కాదు, ఆ బొమ్మ అలా కట్టబడింది. నలుగురికి మొహాలు కావాలి, అయిదోచోట ఒక నౌకరు ఉంటే చాలు. ఆ ఖాళీలో మనం ఇవాళ ఒక పేరు పెడితే, సావెజ్ చేయని పని మనం చేసి పెట్టి ఆయన్ని ఒడ్డున పడేసినట్టు. చూసినవాళ్ళు మా అమ్మలాగా "పోనీలే" అనుకుని లేచిపోతారు.

మనకి తెలుగులో ఒక మాటుంది, "ఇంట్లో మనిషి". పనివాళ్ళ గురించి ఎంత ప్రేమగా అంటామో. "పాతికేళ్ళుగా ఉన్నాడు, ఇంట్లో మనిషే." నిజంగా ఇంట్లో మనిషి అయినవాళ్ళ గురించి ఈ మాట ఎవరూ అనరు. మా తమ్ముడు ఇంట్లో మనిషి అని నేనెప్పుడూ చెప్పుకోలేదు. వాషింగ్టన్ కాలపు ఇంగ్లీషులో కుటుంబం అన్నమాటకి కూడా ఇలాంటి సాగుడుంది. యుద్ధంలో తన దగ్గర పనిచేసిన యువ అధికారుల్ని ఆయన కుటుంబం అనే పిలిచేవాడు. నౌకర్లు, బానిసలు కూడా అవసరాన్నిబట్టి అందులో చేరేవాళ్ళు. సావెజ్ బొమ్మ ఆ సాగుడు మాటకి పటం కట్టినట్టుంటుంది. ఫ్రేము లోపల ఉన్నాడు, కింద రాతలో లేడు.

మా ఇంట్లోనూ అలాంటి ఫోటో ఒకటుంది కాబట్టే ఇంత మాట్లాడుతున్నానని ఒప్పుకోవాలి. 1960ల్లో తీయించింది. తాతయ్య, నాన్నమ్మ కుర్చీల్లో, పిల్లలు చుట్టూ, వెనక స్తంభాల పరదా. కుడిచేతి అంచున తలగుడ్డ చుట్టుకున్న మనిషి, మా చిన్నత్తని ఎత్తుకుని. ఫోటో వెనక పెదనాన్న సిరాపెన్నుతో అందరి పేర్లూ వరసగా రాశాడు. చంకనున్న పిల్ల పేరు రాశాడు, ఎత్తుకున్నవాడి దగ్గర "మన మనిషి" అని రాశాడు. వాట్సాప్ గ్రూపులో ఆ ఫోటో పెట్టి ఎవరీయన అనడిగితే పెద్దత్త ఒక పేరు చెప్పింది, బాబాయి ఇంకో పేరు. ఇద్దరూ ఒట్టేసి చెప్పారు. చివరికి గొంతు పెద్దది గనక పెద్దత్త చెప్పిన పేరే ఖాయమైంది. మా పిల్లలు ఇప్పుడు ఆ పేరుతోనే గుర్తుపడతారు. ఆ పేరు ఇక్కడ రాయను. పెదనాన్న రాసిన రెండు మాటలే ఆ ఫోటో గురించి నాకు తెలిసిన నిజం.

హెర్న్‌డన్‌లో ఉండే నా స్నేహితుడొకడు దీనికి గట్టిగానే అడ్డం తగిలాడు. "నీదంతా తీరిక కబుర్లు. పేరు తీసేస్తే మళ్ళీ ఆ మనిషిని మాయం చేసినట్టే కదా? లీ కాకపోతే పోయె, అతని పేరుతో ఆ చోటు గుర్తుంటే నష్టమేంటి? స్కూలు పిల్లలకి పేరుంటేనే ఎక్కుతుంది." ఈ మాటలో బలముంది. పేరు లేని మనిషి మీద జాలి కూడా నిలవదు. మా అబ్బాయి ఫోన్ తీసి పేరు చెప్పకపోయుంటే మా అమ్మ ఆ మూల గురించి ఇంకో నిమిషం కూడా ఆలోచించేది కాదేమో.

కానీ ఆ పేరు మోస్తున్న బరువేంటో చూడండి. లీ అంటే యుద్ధవీరుడు, నమ్మినబంటు, దొర స్వయంగా విడుదల చేసినవాడు. ఈ బొమ్మకి అతని పేరు తగిలించగానే కథ సుఖాంతమైపోతుంది: ఇదుగో ఈయన తర్వాత స్వేచ్ఛ పొందాడు, పెన్షన్ కూడా ఇచ్చారు. అదే షీల్స్ పేరు తగిలించి చూడండి, గది మొత్తం తిరగబడుతుంది.

షీల్స్ వాషింగ్టన్ ఆస్తి కాదు. మార్తా మొదటి భర్త వీలునామా రాయకుండా 1757లో చనిపోయాడు. అప్పటి వర్జీనియా చట్టం ప్రకారం ఆ ఎస్టేటులో మూడోవంతు మీద ఆవిడకి బతికినంతకాలం హక్కు. పొలాలతో పాటు మనుషుల మీద కూడా. ఆవిడ తర్వాత వాళ్ళు కస్టిస్ వారసులకి పోవాలి. 1799లో మౌంట్ వెర్నన్‌లో ఉన్న 317 మంది బానిసల్లో వాషింగ్టన్ సొంతం 123 మంది. కస్టిస్ ఎస్టేటువాళ్ళు 153. మిగతావాళ్ళు పక్కవాళ్ళ దగ్గర అద్దెకి తెచ్చుకున్నవాళ్ళు. వాషింగ్టన్ వీలునామా ఆ 123 మందికే వర్తించింది. ఆ 153 మందిలో షీల్స్ ఒకడు. మార్తా 1802లో పోయాక వాళ్ళందరినీ నలుగురు మనవలకి పంచారు.

ఇప్పుడు బొమ్మ మళ్ళీ చూడండి. గ్లోబు పక్కన కుర్రాడు. పటం దగ్గర అమ్మాయి. అంచున నిలబడ్డవాడు ఆ ఇంటివాడే అయితే, షీల్స్ అయితే, వాడి వాటాదార్లు ఆ పిల్లలే. భవిష్యత్తు అని సావెజ్ ముచ్చటపడి వేసిన పిల్లలే. ఆ కుర్రాడు పెరిగి పొటోమాక్ ఒడ్డున కొండ మీద ఇల్లు కట్టుకున్నాడు. ఆ ఇల్లే ఆర్లింగ్టన్ హౌస్, చుట్టూ ఉన్న నేలే తర్వాత ఆర్లింగ్టన్ సమాధుల తోట అయింది. మన టూరులో నాలుగో స్టాపు.

షీల్స్ ఆ ఇంట్లో సుఖంగా ఉన్నవాడు కూడా కాదు. 1797లో పిచ్చికుక్క కరిస్తే వాషింగ్టన్ అతన్ని పెన్సిల్వేనియాలో ఒక వైద్యుడి దగ్గరికి ఒక్కణ్ణే పంపించాడు, అతను తిరిగొచ్చాడు. రెండేళ్ళ తర్వాత పెళ్ళి చేసుకుని, భార్యతో కలిసి ఓడెక్కి పారిపోవడానికి ఏర్పాటు చేసుకుంటే ఆ చీటీ వాషింగ్టన్ చేతికే చిక్కింది. మూడు నెలలు తిరిగేసరికి, 1799 డిసెంబరు 14న, ఆయన మంచం పక్కన నిలబడి ఉన్నది కూడా ఇతనే. వాషింగ్టన్ కార్యదర్శి టోబియస్ లియర్ ఆ రోజంతా జరిగింది రాసిపెట్టాడు. పొద్దుట్నుంచీ షీల్స్ నిలబడే ఉన్నాడనీ, మధ్యాహ్నం వాషింగ్టన్ అది గమనించి కూర్చోమన్నాడనీ. గొంతు మూసుకుపోతున్న మనిషికి అప్పుడు కనపడింది, వీడు నిలబడి ఉన్నాడని. గదిలో తలుపు దగ్గర కరొలైన్, మాలీ, షార్లెట్ అనే ముగ్గురు బానిస స్త్రీలు కూడా నిలబడి ఉన్నారని లియర్ పేర్లతో సహా రాశాడు. సావెజ్ బొమ్మలో లేనిది ఈ నాలుగు వాక్యాల్లో ఉంది.

అంతెందుకు, బొమ్మ ఫిలడెల్ఫియాలో ప్రదర్శనకి పెట్టి సరిగ్గా మూడు నెలలు. 1796 మే 21. అదే ఊళ్ళో అధ్యక్షుడి ఇంట్లో కుటుంబమంతా భోజనానికి కూర్చుంది. మార్తా సొంత పరిచారిక ఓనా జడ్జి వీధి తలుపు తీసుకుని వెళ్ళిపోయింది, మళ్ళీ రాలేదు. పెళ్ళి చేసుకున్న పెద్దమనవరాలికి తనని కానుకగా ఇచ్చేస్తారని ఆమెకి తెలిసింది. వాళ్ళు వర్జీనియా వెళ్ళడానికి మూటలు కట్టుకుంటుంటే తను వేరేచోటికి మూట కట్టుకున్నానని దాదాపు యాభై ఏళ్ళ తర్వాత ఒక పత్రిక మనిషికి చెప్పింది. పెన్సిల్వేనియా చట్టం ప్రకారం ఆరునెలలు అక్కడ ఉన్న బానిస విడుదల కోరవచ్చు. అందుకని గడువు నిండకముందే వాళ్ళని సరిహద్దు దాటించి తీసుకొచ్చే ఏర్పాటు వాషింగ్టన్‌ది. అదీ వాళ్ళకి తెలియకుండా. ఓనా ఆ ఆరునెలల లెక్కలేవీ చూసుకోలేదు. న్యూహాంప్‌షైర్ చేరింది, మనుషుల్ని పంపించి పిలిపించినా రానంది, 1848లో అక్కడే పోయింది. ఈ కుటుంబచిత్రానికి నిజమైన జవాబు ఎవరైనా ఇచ్చారంటే ఆవిడే. ఆవిడ మొహం ఎలా ఉండేదో చూపించే బొమ్మ ఒక్కటీ లేదు.

నేను పేర్లు వద్దనడంలేదు. లీ పేరు వీలునామాలో ఉంది, కొన్న ఖర్చులెక్కలో ఉంది. షీల్స్ పేరు లియర్ రాతలో ఉంది. ఓనా తన నోటితోనే చెప్పింది. వాళ్ళని అక్కడే వెతుక్కుందాం, వాళ్ళు నిజంగా ఉన్నచోట. పిల్లలకి చెప్పడానికి కూడా ఇదే తేలిక అనిపిస్తుంది నాకు: ఇక్కడ అయిదుగురున్నారు, బొమ్మ వేసినాయన నలుగురి పోలిక కోసమే తంటాలు పడ్డాడు, అయిదో మొహం దగ్గరికెళ్ళి చూడు, నీకేమైనా కనపడుతుందేమో. మా అబ్బాయికి అలాగే చెప్పాను. వాడు దగ్గరికెళ్ళాడు, గార్డు వెనక్కి జరగమన్నాడు. "ఏం కనపడలేదు డాడీ" అన్నాడు. ఆ జవాబు వాడికి గుర్తుంటుందనే నా ఆశ.

ఇది కుదిరే పనేనని చూపించింది మౌంట్ వెర్నన్ వాళ్ళే. వాషింగ్టన్ సమాధికి కాస్త దూరంలో చెట్ల కింద బానిసల్ని పాతిపెట్టిన నేల ఉంది. సమాధుల మీద రాళ్ళు లేవు, పేర్లు లేవు. 2014 నుంచి అక్కడ పురావస్తు నిపుణులు పైమట్టి మాత్రం పల్చగా తీసి, మట్టి రంగు మారినచోటల్లా ఇక్కడొక గుంట ఉందని గుర్తించి, కింద ఎవరినీ కదపకుండా, మళ్ళీ కప్పేస్తూ వచ్చారు. ఇది ఫలానావాడి సమాధి అని అంచనా కట్టి ఎక్కడా చీటీ పెట్టలేదు. ఎన్ని గుంటలో లెక్కపెట్టుకుంటూ పోయారు. నాకు అంతకంటే మర్యాద కనపడలేదు.

తర్వాతి వారం అమ్మని అక్కడికి కూడా తీసుకెళ్ళాను. ఇల్లంతా చూశాక చిన్న భోజనాలగదిలోకి వచ్చాం. గోడలు పచ్చివేపాకు కన్నా ఘాటైన పచ్చరంగు. అమ్మ "అబ్బ, కళ్ళు పోతాయిరా" అంది. సావెజ్ అచ్చుబొమ్మలు వాషింగ్టన్ నాలుగు తెప్పించుకుని, ఒకటి ఈ గదిలోనే పొయ్యిగట్టు పైన తగిలించుకున్నాడని చెప్పాను. రోజూ ఆ బొమ్మ కింద కూర్చుని భోంచేసేవాడు. బల్ల దగ్గర వడ్డన చూసుకునేది ఫ్రాంక్ లీ, విలియం తోడబుట్టినవాడు, ఇద్దర్నీ ఒకే రోజు కొన్నారు.

అమ్మ కాసేపు ఆ గట్టు వైపు చూసింది. "అయితే అది వాళ్ళన్నదమ్ముడి మొహమో కాదో ఆయనకి తెలిసే ఉంటుందిగా" అంది. "అంతకాలం అక్కడ అన్నాలు పెట్టాడంటున్నావు. ఒక్కళ్ళూ అడగలేదా ఆయన్ని?"